గుంటల కాడి బీఈడీ

వసూళ్ల మనిషి బండిని గుంటల కట్ట మీదే ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా అరిచాడు.

"మాథ్యూ అంటే ఎవరయ్యా ఇక్కడ? బీఈడీ లోను రెండు కంతులు తప్పినావు!"

నరేంద్రబాబు అప్పుడే రొయ్యల గుంటలోంచి చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందేమోనని చూస్తున్నాడు. ఆ మాట చెవిన పడగానే ట్రేని నీళ్లలోకి వదిలేశాడు.

గుంటలకు కాపలా ఉండే మాథ్యూ పరుగున పోయాడు. చేతులు జోడించి, ఏదో సర్దిచెప్పి, ఆ మనిషిని పంపించేశాడు.

తిరిగి వచ్చేసరికి నరేంద్రబాబు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏందిరా, నువ్వు బీఈడీనా?"

మాథ్యూకు యాభై దాటాయి. అయినా జీతం ఇచ్చేవాడికి 'రా' అనే హక్కు జీతంతోపాటే వస్తుందని నరేంద్రబాబు నమ్మకం.

మాథ్యూ తల వంచుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు.

"నేను ఇంటరు తప్పినా. పన్నెండెకరాల గుంటలుండాయి నాకు. నువ్వు బీఈడీ చదివి, నా గుంటల మీద వాలే కొంగల్ని తోలతా ఉండావు. శభాష్!"

ఆ రోజుతో మాథ్యూకు పేరు పోయింది.

"ఒరే బీఈడీ, నీళ్లకు గాలి చాల్లా, ఏరియేటర్ వెయ్యి."

"ఒరే బీఈడీ, మేత బస్తాలు దించు."

అల్లూరు నుంచి సరుకు కొనడానికి వచ్చినవాళ్లకు అతని చేతే టీ ఇప్పించి మరీ చూపించేవాడు.

"మా వాచ్‌మన్ బీఈడీ అన్నా! మీ అల్లూరు గుంటల కాడ ఉండారా ఇంత చదివినోళ్లు?"

వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ మాథ్యూ కూడా నవ్వేవాడు.

ఆ నవ్వు చూస్తే నరేంద్రబాబుకు ఒళ్లు మండేది. ఇంత చదివీ ఇంత సిగ్గులేనివాడు ఉంటాడా అనుకునేవాడు.

ఆ ఏడాదే నరేంద్రబాబు కూతురు అనూష డిగ్రీ ముగించింది. నెల్లూరులో బీఈడీ సీటు వచ్చింది. పైసా ఇవ్వనని తండ్రి తేల్చేశాడు.

"నువ్వేం ఇయ్యబళ్లేదు నాన్నా. లోను తీసుకుంటా. సంతకం ఒక్కటి పెట్టు చాలు."

"రెండు లక్షలు అప్పు జేసి, పదివేల జీతానికి పోతావా? లెక్కలొచ్చునా నీకు? రా, చూపిస్తా పద!"

బండెక్కించుకుని తిన్నగా గుంటల కాడికి తీసుకొచ్చాడు.

"ఇదిగో, చూడు. బీఈడీ అంటే ఇదే. అప్పెంతో, సంపాదనెంతో వీడినే అడుగు!"

అనూషకు తల ఎత్తబుద్ధి కాలేదు. మాథ్యూ చేతిలోని మేత బకెట్టు కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

చివరికి ఆ పిల్లే నెమ్మదిగా అడిగింది.

"నిజం చెప్పు బాబాయ్. అప్పు చేసి చదివితే దండగేనా?"

"లెక్క చూస్తే దండగే పాపా. జీతంలో సగం కంతుకే పోతాది." మాథ్యూ బకెట్టు మళ్లీ చేతికి తీసుకున్నాడు. "అయినా, కట్టిన ఒక్క రూపాయికి కూడా నేను ఏడవలా. నువ్వు చదువుకో."

నరేంద్రబాబు ముఖం కందగడ్డ అయింది.

"కూలికొచ్చినోడివి, నా బిడ్డకే బుద్ధులు చెప్తావా? దిగు కట్ట! ఈ పూటే దిగు!"

"సార్, ఈ నెల కంతు..."

"నీ కంతు నాకెందుకురా? పోయి పిల్లకాయలకు పాఠాలు చెప్పుకో, పో!"

మాథ్యూ చాప, దుప్పటి చుట్టి చంకన పెట్టుకుని కట్ట వెంబడి సముద్రం వైపు నడిచిపోయాడు.

నరేంద్రబాబు సంతకం పెట్టలేదు. కాలేజీలో చేరాల్సిన గడువు దాటిపోయింది. అనూష తండ్రితో మాట్లాడటం మానేసింది.

మానితే మానింది, రెండు లక్షలు మిగిలాయి అనుకున్నాడతను.

కొన్నాళ్లకు, మిట్టమధ్యాహ్నం, కట్ట దగ్గర ఒక అమ్మాయి ఆటో దిగింది. నూలు చీర, భుజాన సంచి, చేతిలో స్వీటు డబ్బా.

"మాథ్యూ బాబాయ్ ఉండాడా సార్? ఫోను కలవటం లా."

"వాడా? ఎప్పుడో తరిమేసినా. నువ్వెవరు, కూతురివా?"

"కాదు సార్. నా పేరు ఫ్లోరా. గవర్నమెంటు బళ్లో టీచరు పోస్టు వచ్చింది నాకు. ఇంక ఆయన కంతులు కట్టబళ్లేదని చెప్దామని వచ్చినా."

"నీకు పోస్టొస్తే వాడు కంతులెందుకు మానతాడు?"

"ఆ లోను నాది సార్."

నరేంద్రబాబు ఆమె వైపు తేరిపార చూశాడు.

"ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్తే ఇచ్చే తొమ్మిదివేలు మా అమ్మ మందులకే చాలేవి కావు. షూరిటీ ఉన్నందుకు ఆయనే కట్టుకుంటా వచ్చినాడు. బడి మానేసి రొయ్యలు వొలిచే షెడ్డుకు పోతానన్నా. నన్ను పోనీలా. పడవ అమ్ముకొని, మీ కాడ కాపలాకు చేరినాడు."

"నీకేమవుతాడు?"

"ఏమీ కాడు సార్. మా నాయనతో కలిసి వేటకు పోయేవాడు. నాయన సముద్రంలో పోయినాడు." ఆమె చుట్టూ చూసింది. "ఏ పక్కకు పోయినాడో ఏమైనా చెప్పినాడా?"

నరేంద్రబాబు తల అడ్డంగా ఊపాడు.

"అట్టయితే, ఆయన బీఈడీ ఎక్కడ చదివినాడు?"

ఫ్లోరాకు ముందు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

"ఆయన బడి మొగమే చూడలేదు సార్. నా అప్పు కాగితం మీద ఏలిముద్ర పనికిరాదన్నారని, నా కాడ కూర్చుని సంతకం చేయడం నేర్చుకున్నాడు."