వద్దన్న సోడా

"అది తాగకున్రి. పేపర్ల మళ్ల రాసిన్రు." నవత పేపరు మడిచి భర్త ముందు పెట్టింది.

పృథ్వీరాజ్ పేపరు వంక చూడలేదు. ఆమె వంకే చూస్తూ డైట్ సోడా మూత తిప్పాడు. బుస్సుమంది.

"ఏం రాసిన్రు?"

"బొక్కలు గుల్లయితయంట. పండ్లు అరుగుతయంట. కిడ్నీలకు, గుండెకు మంచిది కాదంట. చక్కెర లేదని మనం మురుస్తం గని, తీపి మీద పానం ఇంక ఎక్కువ గుంజుతదంట."

"అయిపోయిందా?" అని సగం సీసా గటగటా తాగాడు. మిగిలిన సగం ఆమె చీర మీద పోశాడు. "తీస్కో. నీ బొక్కలు గూడ గుల్లగానీ."

జహీరాబాద్ మార్కెట్లో అల్లం, ఆలుగడ్డ వ్యాపారం పృథ్వీరాజ్‌ది. ఒంట్లో షుగరు, రెండు పూటలా ఇన్సులిన్ సూది. ఆడదాని మాట వినకపోవడం ఆ ఇంట్లో మగవాళ్లకు మీసం లాంటిది. తాత వినలేదు, తండ్రి వినలేదు. ఈయన ఇంకో మెట్టు పైకెక్కాడు. పెళ్లాం ఎడ్డెమంటే తెడ్డెమనేవాడు.

అత్తను వదిలి సొంతూరు రాయికోడ్ నుంచి కదలనని నవత ఏడిస్తే, వారంలో జహీరాబాద్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. బజార్లో కూర్చోవడం తన వల్ల కాదని మొత్తుకుంటే, "కూసోని తింటవా?" అని గాజుల దుకాణం పెట్టించి గల్లా ముందు కూర్చోబెట్టాడు. "స్నేహ ఒక్కతే పిల్ల, హాస్టల్‌కు పంపకున్రి" అని కాళ్ల మీద పడితే, ఆ నెలలోనే హైదరాబాద్ తీసుకుపోయి హాస్టల్లో దించి వచ్చాడు. పిల్ల అక్కడే పెరిగింది. ఇప్పుడు డాక్టరు చదువుతోంది.

వాడకట్టులో ఆడవాళ్లంతా నవతను చూసి అయ్యో అనేవాళ్లు.

డైట్ సోడా సంగతీ అంతే. తియ్యటి కూల్‌డ్రింకులు మానమని డాక్టర్ ప్రేమ్ కుమార్ గట్టిగా చెబితే, పృథ్వీరాజ్ సణుక్కుంటూ మానేశాడు కూడా. అంతలో నవత, "చక్కెర లేనిది ఒకటొచ్చిందంట, అది మాత్రం ఇంట్లకు తేకున్రి" అంది. అలాంటిదొకటి ఉందని అప్పటిదాకా ఆయనకు తెలియదు. సాయంత్రానికి ఇంట్లో పెట్టె దిగింది. ఏడాదిలో రోజుకు ఆరు సీసాల దాకా వచ్చాడు మహానుభావుడు.

పోయినసారి దవాఖానకు పోయినప్పుడు డాక్టర్ ఇంకో మాట చెప్పాడు. "సూది ఏసుకున్నంక తిండి లేటయితే చెమటలు వడ్తయి, చేతులు వణుకుతయి. అప్పుడు చక్కెరో బెల్లమో నోట్ల వడాలె. డైట్‌ది తాగితే లాభం లేదమ్మా, అండ్ల చక్కెరనే ఉండది. జర ఆలస్యమైనా పానం మీదికొస్తది."

పృథ్వీరాజ్ అప్పుడు ఫోన్లో ఆలుగడ్డ ధర మాట్లాడుతున్నాడు. నవత మాత్రం ప్రతి ముక్కా విన్నది. రెండుసార్లు అడిగి మరీ తెలుసుకుంది.

కొన్నాళ్లకు చిరాగ్‌పల్లిలో మహాదేవప్ప కూతురి నిశ్చితార్థం జరిగింది. మహాదేవప్ప పృథ్వీరాజ్‌కు పాత దోస్తు. బీదర్ నుంచి రావాల్సిన పెళ్లికొడుకు వాళ్లు ఎంతకీ రాలేదు. వాళ్లు రానిదే విస్తరి వేయరు. పన్నెండింటికే సూది పొడుచుకున్న పృథ్వీరాజ్‌కు రెండున్నరకు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. మాట ముద్దగా వచ్చింది.

మహాదేవప్ప ముందుగా కనిపెట్టాడు. లోపలికి పోయి బెల్లం ముక్క తెచ్చాడు. "తిను అన్నా. నాకు గూడ షుగరే, నాకెరికె గిదేందో."

పృథ్వీరాజ్ చెయ్యి చాచాడు.

అప్పుడే నవత ఆడవాళ్ల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చింది. "తినున్రి! మీ కాల్మొక్త, ఆ బెల్లం తినున్రి! డైట్‌ది మాత్రం ముట్టకున్రి!" పందిరంతా వినేలా అరిచింది.

చాచిన చెయ్యి వెనక్కి పోయింది. అరవై మంది చూస్తున్నారు మరి.

"షుగరున్నోనికి బెల్లం వెడ్తవానే? సంపుతవా నన్ను?"

విదిలించి కొడితే బెల్లం ముక్క చాప మీద దొర్లింది. నవత భుజానికున్న సంచిలోంచి డైట్ సోడా లాక్కున్నాడు. వద్దు వద్దని ఆమె చెయ్యి పట్టుకుంటే మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. చివరి చుక్క దాకా తాగి, గెలిచినట్టు సీసా పైకెత్తి చూపించాడు. కొందరు నవ్వారు కూడా.

మహాదేవప్ప చక్కెర నీళ్లు కలిపి తెచ్చేసరికి పృథ్వీరాజ్ పళ్లు బిగుసుకుపోయాయి. కారులో వేసుకుని దవాఖానకు ఉరికారు. ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు. మూడో రోజు పోయాడు.

దినం నాడు వచ్చినవాళ్లంతా ఒకటే మాట. "నెత్తీ నోరూ కొట్టుకున్నది పాపం. వింటే గద!" ఆ రోజు నవ్వినవాళ్లే అందరికంటే గట్టిగా అన్నారు. మహాదేవప్ప అయితే నవతకు చేతులెత్తి దండం పెట్టాడు.

చుట్టాలు వెళ్లిపోయాక, పెరట్లో నవత ఒక్కతే కనిపించింది చెల్లెలు సుష్మకు. మిగిలిన డైట్ సోడా సీసాలు ఒక్కొక్కటే మూత తీసి మోరీలో వంపుతోంది. సుష్మకు దుఃఖం ఆగలేదు.

"ఇరవై మూడేండ్లల్ల బావ నీ మాట ఒక్కటన్న విన్నడా అక్కా?"

నవత చివరి సీసా కూడా వంపి, నురగంతా పోయేదాకా చూసి, నెమ్మదిగా చెప్పింది.

"టౌన్ల ఇల్లు, గాజుల దుకాణం, పిల్ల సదువు, ఆయనతోని నాకు ఏం గావాల్నన్నా వద్దని ఏడ్చే తెచ్చుకున్న సుష్మా."