తెలుగు రాని బడి

“నీ పేరు తీసేశారమ్మా” అన్నారు సుధాకర్ సార్.

భావనకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. టాంజానియా బడుల్లో ఏడాదిపాటు పాఠాలు చెప్పే వాలంటీర్లకు యూనివర్సిటీ శిక్షణ ఇస్తోంది. ఎంపికైన వాళ్లలో ఆమెదే మొదటి పేరు. ఆ శిక్షణ నడిపేది సుధాకరే. నిన్నటిదాకా ఆమెను అందరి ముందూ మెచ్చుకున్నదీ ఆయనే.

“ఎందుకు సార్?”

“మొన్న ఎంపిక కమిటీ వాళ్లు పిడుగురాళ్ల బడికొచ్చి మీ పాఠాలు చూసి వెళ్లారుగా. పాఠానికి వంక లేదు. కానీ నీకు వెళ్లటం ఇష్టం లేదట. రోజూ ఏడుస్తున్నావట. దేశం కాని దేశంలో నీకేమన్నా అయితే ఎవరిది పూచీ?”

“ఎవరు చెప్పారు సార్?”

“అది అడక్కు. నమ్మదగ్గ మాటే.”

ఏడ్చిన మాట నిజమే. రాజుపాలెంలో మిరప పండించే తండ్రి గోపాలరావుతో నెలల తరబడి పోట్లాడి ఈ శిక్షణకు వచ్చింది. తీరా ప్రయాణం దగ్గరపడే కొద్దీ గుండెల్లో గుబులు. ఇంట్లో చెబితే “మేం ముందే అన్లా?” అంటారు.

శిక్షణలో ఆఖరి నెల పిడుగురాళ్ల దగ్గర, సున్నపు బట్టీల పక్కనున్న బడిలో. అక్కడ చదివేది ఒడిశా కూలీల పిల్లలు.

“వీళ్లకు తెలుగు రాదు, మీకు ఒడియా రాదు. రేపు అక్కడా ఇదే పరిస్థితి. సైగలతో, బొమ్మలతో, చిన్న చిన్న ఇంగ్లిషు మాటలతో నెట్టుకురండి” అని సుధాకర్ మొదటి రోజే చెప్పారు. హెడ్మాస్టరు నూర్ మొహమ్మద్ పిల్లలకు చెప్పవలసింది ముందే చెప్పి ఉంచారు.

అక్కడే సబిత దగ్గరైంది. నాలుగో తరగతి పిల్ల. మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చి భావనను ఆనుకుని కూర్చునేది. అర్థం కాదులే అన్న ధైర్యంతో భావన మనసులో ఉన్నదంతా కక్కేసేది.

“భయమేస్తందే సబితా. ఎటన్నా పారిపోదామా అనిపిస్తంది. నాన్న దగ్గర పంతం పట్టి వచ్చా, ఇప్పుడు పోనని ఎట్టా చెప్పేది?”

సబిత కళ్లార్పకుండా చూసేది. గౌను అంచుతో ఆమె చెంపలు తుడిచేది. అంతటితో భావనకు బరువు దిగిపోయేది. లేచి హుషారుగా క్లాసుకు వెళ్లేది. వెళ్లాలన్న కోరిక మాత్రం ఒక్కరోజు కూడా చావలేదు.

మాట అర్థమయ్యే మనిషితో చెప్పుకున్నది ఒకేసారి. హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్న యశస్వినితో.

వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు యశస్వినిదే.

భావన గదికి వెళ్లేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది.

“నా సీటు నీకొచ్చిందిగా? చల్లగుందా?”

“ఏందే ఆ మాటలు? నాకిప్పుడే ఫోన్ చేశారు. ఎందుకో నాకూ తెలీదు.”

“నటించమాక. నేను ఏడ్చిన సంగతి నీకు తప్ప ఎవరికి తెలుసు?”

“మా అమ్మతోడు, నేనెవరికీ చెప్పలా.”

“ఒక కంచంలో తిన్నాం గదే! కావాలని అడిగితే నేనే ఇచ్చేదాన్ని. ఇంత వెన్నుపోటు దేనికి?”

యశస్విని ఏడ్చింది. భావన కరగలేదు. “చచ్చినా నీ మొహం చూడను” అంది. ఆ సాయంత్రమే యశస్విని పెట్టె సర్దుకుని వేరే గదికి వెళ్లిపోయింది. విమానం ఎక్కే ముందు ఫోన్ చేసింది. భావన ఎత్తలేదు.

తండ్రికి చెబితే “పోన్లేమ్మా, ఇంటికొచ్చెయ్” అన్నాడు. ఆయన గొంతులో దాగని సంతోషం ఇంకా కోసింది.

రాజుపాలెం బస్సెక్కే ముందు, పిల్లలకు చెప్పి వద్దామని బడికి వెళ్లింది. శిక్షణ అయిపోయింది. తోటి వాలంటీర్లు ఎవరూ లేరు. గేటు దగ్గరే సబిత పరుగెత్తుకొచ్చి నడుము చుట్టేసింది. అంతసేపూ ఆపుకున్న దుఃఖం భావనకు ఒక్కసారిగా పొంగింది.

“ఏడవమాకక్కా, మీ ముందు తెలుగు మాట్లాడొద్దని హెడ్మాస్టరు సారు చెప్పారుగానీ, నీకు పోవటం ఇష్టం లేదని మొన్నొచ్చిన పెద్ద సార్లకు నేనే చెప్పా, ఇంక నిన్నెవరూ పంపరు” అంది సబిత, ఎక్కడా తడబడకుండా, పల్నాటి తెలుగులో.