కుడి చెంప

శ్రీకాకుళంలో వీధులన్నిటికీ పైకప్పు వేసి చాలా ఏళ్లయింది. ఎవరి ఒంటిమీదా ఎండ పడదు. బస్సులు వాటంతటవే నడుస్తాయి. ఒకప్పుడు బస్సు నడిపిన జోగినాయుడు ఇప్పుడు ఒంటిగది ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. భార్య పోయాక అతనితో మాట్లాడేది స్నానాలగదిలో కొత్తగా బిగించిన అద్దం ఒక్కటే. ఆ అద్దమే ఒక ఉదయం, "మీ కుడి చెంపమీది మచ్చలేమిటో నాకు తెలియడం లేదు. డాక్టరుకు చూపించుకోండి" అంది.

భయపడుతూ ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరు మౌక్తిక చిన్న వయసు మనిషి. అలాంటి మచ్చలను పుస్తకాల్లోనే చూసింది. పరీక్ష చేసే యంత్రాన్ని పక్కకు జరిపి, వేలితోనే తడిమి చూసింది.

"ఒక్క చెంపకే ఎలా వచ్చాయి తాతా?"

"బస్సు తోలీవోణ్ని కదా తల్లీ. కిటికీ ఇటేపుండేది. ఎండంతా దీనికే తగిలీది."

"ఇవి ఎండ మచ్చలే. మచ్చ పెరుగుతున్నా, రంగో అంచో మారుతున్నా, రక్తం వస్తున్నా భయపడాలి. మీవి అలా లేవు. కావాలంటే ఇప్పుడే తీసేస్తాను."

"వద్దులే తల్లీ. మల్లీ ఎప్పుడు రమ్మంటావు?"

"ఇక రానక్కర్లేదు తాతా."

భార్య పోయాక తన ముఖాన్ని మరో మనిషి తాకడం ఇదే మొదలని అతనికి అప్పుడు తోచింది. కుర్చీలోంచి లేవలేకపోయాడు.

"ఈ ఎడం చెంప కూడా ఓపాలి సూడు తల్లీ."

అక్కడ ఏ మచ్చా లేదు. మౌక్తికకు అది కనిపిస్తూనే ఉంది. అయినా తన కుర్చీని అతని దగ్గరకు లాక్కుని, నెమ్మదిగా తడిమి చూడసాగింది.