లైల్ మైనం

మొదటి ఆరు తూటాలూ గురి అట్ట మీది నల్లచుక్కలోనే పడ్డాయి. తర్వాతివి పక్కకి జరుగుతూ పోయి, చివరికి అట్టకి తగలడమే మానేశాయి.

హార్లన్ రివాల్వర్ గొట్టాన్ని ఎండకేసి పట్టి లోపలికి చూశాడు. గాడుల నిండా సీసం మళ్లీ పేరుకుంది. నిన్ననే గంటసేపు తోమాడు. అతనికి ఒళ్లు మండిపోయింది.

శనివారం తుపాకీ గురిపోటీ. మోంటానాలో వాళ్ల క్లబ్బు పెట్టిన దగ్గర్నుంచీ కప్పు అవతలి లోయవాళ్లే ఎగరేసుకుపోతున్నారు. ఈసారి దాన్ని తెచ్చి లైల్ ఇంట్లో పెట్టాలని హార్లన్ పట్టుదల. లైల్ అతని చిన్ననాటి స్నేహితుడు. బతికినన్నాళ్లూ ఆ కప్పు కోసం పోటీపడి, ఒక్కసారి కూడా గెలవకుండానే మొన్న ఎండాకాలం పోయాడు.

అంత్యక్రియలైన కొన్నాళ్లకి లైల్ భార్య నడీన్ ఒక రేకుడబ్బా తెచ్చి హార్లన్ చేతిలో పెట్టింది. అందులో తూటాలకి పూసే మైనం ఉంది. అది పూయకపోతే సీసం తూటా గొట్టంలో సాఫీగా జారదు.

"ఇది లైల్ మైనం. పోటీలో ఇదే వాడు. ఆయన కూడా నీతో వచ్చినట్టుంటుంది," అంది.

"అది నువ్వు నాకు చెప్పాలా నడీన్?" అని హార్లన్ మాటిచ్చాడు.

ఆ రోజు నుంచీ తిప్పలే. సీసం మరీ మెత్తగా ఉందనుకుని కారు చక్రాల తూకం సరిచేయడానికి బిగించే పాత సీసపు ముక్కలు కరిగించి గట్టి తూటాలు పోశాడు. లాభం లేదు. అచ్చు మార్చి కాస్త లావుగా పోశాడు. తుపాకీమందు తగ్గించాడు. అయినా అదే గోల. ఇత్తడి బ్రష్షుతో తోమీ తోమీ భుజం పడిపోయింది. మైనం వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది.

"ఈ లైల్ గాడు ఏ పని శుభ్రంగా చేశాడు గనక! వడకట్టను కూడా లేదు," అని పళ్లు నూరాడు.

వంటగది కిటికీలోంచి అతని భార్య బర్నీస్ తొంగిచూసింది.

"ఏమయ్యా, పెళ్లైనప్పట్నుంచీ నా గిన్నె ఒక్కటైనా అంత శ్రద్ధగా తోమావా?"

"నువ్వూరుకో. లైల్ గాడు చచ్చి కూడా నా ప్రాణం తోడేస్తున్నాడు."

"మైనం మార్చి చూడరాదూ?"

"నడీన్‌కి మాటిచ్చాను."

"అయితే మాట నిలబెట్టుకుని, కప్పు అవతలి లోయవాళ్లకే ఇచ్చెయ్."

హార్లన్ ఇంకో గుడ్డపీలిక గొట్టంలోకి తోశాడు.

శుక్రవారం ఆఖరిసారి కాల్చి చూశాడు. గొట్టం మళ్లీ పూడుకుపోయింది. విసుగెత్తి బ్రష్షు నేలకేసి కొట్టాడు. ఊళ్లోకి వెళ్లి దుకాణంలో మైనం కొనుక్కొచ్చి, కొత్త తూటాలు తయారుచేసుకున్నాడు.

మర్నాడు పోటీ ముగిసేదాకా గొట్టం తళతళలాడుతూనే ఉంది. కప్పు హార్లన్‌కే వచ్చింది. అవతలి లోయవాళ్ల మొహాల్లో నెత్తురుచుక్క లేదు.

అతను తిన్నగా నడీన్ ఇంటికి వెళ్లి కప్పు బల్ల మీద పెట్టాడు. ఆమె నవ్వింది, ఏడ్చింది, కాఫీ పోసి ఆపిల్ తీపిరొట్టె కోసిపెట్టింది. కప్పుని మాటిమాటికీ నిమిరింది.

"లైల్ మైనంతోనే కాల్చావు కదూ?"

హార్లన్‌కి అబద్ధమాడటం చేతకాదు.

"కోప్పడకు నడీన్. దాంతో గొట్టం పాడైపోతోంది. నిన్నటిదాకా దాంతోనే చచ్చాను. ఇక తప్పక మార్చేశాను."

నడీన్ కప్పు మీంచి చెయ్యి తీసేసింది.

"డబ్బా ఏది?"

"వృథా చెయ్యలేదులే. పందుల దొడ్డి తలుపు కిర్రుమంటోందని మడతబందులకి పూసేశాను. ఇప్పుడు చప్పుడే లేదు."

నడీన్ కుర్చీలో కూలబడింది.

"ముందే చెబితే గురిపెట్టేటప్పుడు నీ చెయ్యి వణుకుతుందని దాచాను," అంది. "దహనం చేసి ఆయన బూడిద నా చేతికిస్తే, దాన్ని ఆ మైనంలోనే కలిపాను హార్లన్."