ఎనిమిది కేజీలు

"ఇంకొక్క ఇడ్లీ," అన్నాడు ఆదిశేషయ్య కంచం ముందుకు జరిపి.

"అయిపోయాయి," అంది సరోజినీదేవి ఇడ్లీ గిన్నె మీద మూతపెట్టి.

"ఎదురుగా అరడజను కనపడుతుంటే అయిపోయాయంటావేంటి?"

"ఇడ్లీలు కాదండీ, కేలరీలు. మూడిడ్లీలకి రెండొందల పది, పచ్చడికి తొంభై. రోజు మొత్తానికి పన్నెండొందలేగా. అన్నీ ఇప్పుడే తినేస్తే రాత్రికి మంచినీళ్ళే గతి."

"ఇవాళ్టికన్నా వదలవే. నెల పూర్తయిందిగా."

"అయింది. అందుకే నేనూ మీతో పత్తి కొట్టుకి వస్తున్నా. మిమ్మల్ని కాటా ఎక్కించి చూస్తా. తొంభై రెండుకి దిగారా, మధ్యాహ్నం గారెలూ కోడికూరా. దిగలేదా, రేపట్నుంచి ఎనిమిదొందలే."

గారెలన్న మాటకి ఊరిన నీళ్ళు ఎనిమిదొందలనేసరికి నోట్లోనే ఇంకిపోయాయి.

సరిగ్గా నెల కిందట బెజవాడ డాక్టరు ఆయన్ని తూచి వంద కేజీలని తేల్చాడు. ఎనిమిదన్నా తగ్గకపోతే గుండె మొయ్యలేదని చెప్పి, ఏ తిండిలో ఎన్ని కేలరీలో టైపు కొట్టించిన చీటీ సరోజినీదేవి చేతికిచ్చాడు. పాపం ఆవిడ భయపడిపోయింది. చీటీని వంటింటి తలుపుకి అంటించి దండకంలా కంఠతా పట్టింది. మొగుడికి పెట్టనిది తనూ ముట్టడం మానేసింది.

ఆ చీటీలో ఇడ్లీ ఉంది, దోసె ఉంది. పెసరట్టు ఉప్మా మాత్రం లేదు. డాక్టరే రాయనిదానికి లెక్కేమిటన్నది ఆదిశేషయ్య వాదం. ఆ వాదం ఇంట్లో వినిపించే ధైర్యం లేక, రోజూ తన పత్తి కొట్లోనే దాన్ని అమలు చేస్తున్నాడు. పొద్దున్నే గుమాస్తా హనుమయ్య హోటలు నుంచి రెండు పెసరట్లు తెచ్చి ఉంచేవాడు. నెల రోజుల్లో ఒక్కనాడూ నాగా లేదు.

కొట్టుకి నడుస్తున్నంతసేపూ ఆయన కాళ్ళు వెనక్కి లాగుతూనే ఉన్నాయి.

గుమ్మంలో అమ్మగారిని చూడగానే హనుమయ్య చేతిలోని పొట్లం గోనెసంచుల వెనక్కి వెళ్ళిపోయింది. వాకిట్లో పెనుగొలను నుంచి పత్తి తెచ్చిన పుల్లమ్మ, తూకం అయిపోయి ఖాళీ బస్తాలు దులుపుకుంటోంది.

"హనుమయ్యా, అయ్యగారిని తూచు," అంది సరోజినీదేవి.

హనుమయ్య నీళ్ళు నమిలాడు. "ఈ కాటా మీదెందుకమ్మగారూ, మనుషుల్ని తూచే మిషను బెజవాడలో ఉంటుంది గదా. ఈసారి వెళ్ళినప్పుడు..."

పెసరట్ల బండారం బయటపడుతుందని వీడి భయం కాబోలు అనుకున్నాడు ఆదిశేషయ్య. భయం తనకీ ఉంది. అయినా పెళ్ళాం ముందు బింకం తగ్గకూడదు.

"మన కాటా ఉండగా బెజవాడ దాకా దేనికి? ఈ చుట్టుపక్కల పత్తంతా దీని మీద తూగుతోంది, నేను తూగనా?" అంటూ చెప్పులు విడిచి, ఇంటిదేవుణ్ణి తలుచుకుని ఎక్కి నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

హనుమయ్య కాటా గుండు జరిపాడు. ఇంకొంచెం వెనక్కి జరిపాడు.

"తొంభై రెండండి," అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఆదిశేషయ్య కళ్ళు తెరిచాడు. తనే వంగి చూసుకున్నాడు. తొంభై రెండే. అరవై పెసరట్లు తిని ఎనిమిది కేజీలు తగ్గిన మగాడు తిరువూరు తాలూకాలో మరొకడుండడు. డాక్టరు పెసరట్టు పేరు ఊరికే వదిలెయ్యలేదన్నమాట.

సరోజినీదేవికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నా కడుపు చల్లగా చేశారు. నెల్లాళ్ళు నోరు కట్టుకోవడమంటే మాటలా," అంది పమిట చెంగుతో కళ్ళొత్తుకుంటూ. ఆ మాటకి ఆదిశేషయ్యకి సిగ్గేసింది. సిగ్గుతోపాటు ఆకలి కూడా వేసింది.

"హనుమయ్యా, ఓ మంచి కోణ్ణి చూసి ఇంటికి పంపించు," అన్నాడు మీసం సవరించుకుంటూ. "అంతా మీ అమ్మగారి లెక్క. చీటీ చూసి కొలిచి పెట్టింది, చూశావుగా, ఎనిమిది కేజీలు తీసేసింది."

హనుమయ్య కదల్లేదు. వాకిట్లో పుల్లమ్మ దులపడం ఆపి, ఆ చివరి మాట విని దగ్గరికొచ్చింది.

"అమ్మగారూ, ఆ చీటీ ఓసారి నాకూ చూపిస్తారా? అయ్యగారికి నెల పట్టింది గానీ, పొద్దున మా ఊళ్ళో వంద కేజీలు తూగి బండెక్కిన నా పత్తి, ఈ కాటా మీదికొచ్చేసరికి సరిగ్గా ఆ ఎనిమిదీ తగ్గిందమ్మా."