షాఫ్టులో కేక

ఒక్క నిమిషం ఆగండి, ఇది విని వెళ్లండి. ఒక లిఫ్టు మెకానిక్ ఉన్నాడు. చావు అంచుదాకా వెళ్లిన కూతురు కోలుకుంటోంది. అయినా మనిషికి ఊపిరాడట్లేదు.

కూతురికి థైరాయిడ్ క్యాన్సర్. అందులోనూ అరుదైన రకం. ఆపరేషన్ చేశాక కూడా మెడలో గడ్డలు మళ్లీ లేచాయి. అప్పుడు డాక్టరమ్మ ఒక కొత్త క్యాప్సూల్ మొదలుపెట్టింది. అబ్బ, దాని పని భలే ఉంటుంది! ఒంట్లో ఒకే ఒక్క జన్యువు చెడిపోయి, ‘పెరుగు, పెరుగు’ అని ఆపకుండా సిగ్నల్ పంపుతుంటే, ఈ మందు వెళ్లి సరిగ్గా ఆ సిగ్నల్‌నే కట్ చేస్తుంది.

“బిల్డింగంతా కరెంటు తీసెయ్యకుండా, ఇరుక్కుపోయిన బటన్ ఒక్కటే పట్టుకున్నట్టన్నమాట నాన్నా,” అని కూతురే అర్థమయ్యేలా చెప్పింది.

గడ్డలు కరుగుతున్నాయి. అమ్మాయి మళ్లీ కాలేజీకి వెళ్తోంది, మళ్లీ టీవీ రిమోట్ కోసం కొట్లాడుతోంది.

మరి బాధేంటంటారా? డాక్టరమ్మ ఒక మాటంది.

“ఈ చెడిపోయిన జన్యువు అమ్మాయికి మీ ఇద్దరిలో ఒకరి నుంచి వచ్చుంటుంది. ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోండి. ముందే పట్టుకుంటే భయం లేదు.”

భార్య ఆ రోజే రక్తం ఇచ్చింది. ఆవిడకి లేదని తేలింది. రిపోర్టు చేతికొచ్చినా ఆవిడ నవ్వలేదు. నీళ్ల సీసా మూత తిప్పుతూ అలాగే కూర్చుంది.

ఇక మిగిలింది మెకానిక్. ఇవాళ పనుందంటాడు. రేపు జలుబంటాడు.

“సూదికి భయమా నాన్నా? రోజంతా గాల్లో వేలాడతావు, చీమ కుట్టినంత దానికి వణుకుతావేంటి?”

“వెళ్తాలేవే, నస పెట్టకు.”

“రేపు నీకూ వస్తే నా క్యాప్సూల్స్‌లో వాటా ఇవ్వను, చెప్తున్నా!” అంది కూతురు. నవ్వుతూనే అంది, కళ్లు మాత్రం తుడుచుకుంది.

భార్య ఒక్కసారి కూడా వెళ్లమనలేదు.

పనిలో అతనికి జోడీ, గంట అని పిలిచే ఒకడు. అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. చిన్నప్పటి స్నేహితుడు, ఇంట్లో మనిషిలాంటి వాడు, అమ్మాయికి ‘గంట బాబాయ్’. గొంతు అలాంటిది మరి! ఒకడు పైన మెషిన్ రూమ్‌లో ఉంటే, ఇంకొకడు లిఫ్టు ఎక్కిదిగే గొయ్యి, అదే షాఫ్టులో, లిఫ్టు నెత్తి మీద నిలబడతాడు. పైవాడి కేక వినపడితే తప్ప కిందవాడు లిఫ్టు కదపడు. వాకీటాకీలు ఇచ్చినా వాడరు. “ఈ గంటుండగా ఆ డబ్బాలెందుకురా?” అనేవాడు వాడు.

ఈ మధ్య ఆ గంట పగిలింది. కేక సగంలోనే గాలైపోతోంది. చొక్కా కాలర్ బొత్తాం పట్టట్లేదు.

“గొంతు చూపించుకోరా,” అన్నాడు మెకానిక్.

“చూపించా. సిరప్ రాసిచ్చారు. షాఫ్టులో దుమ్మురా, ఇంకేం లేదు.”

“సిరప్ కాదు. మా డాక్టరమ్మ దగ్గరికి రా. ఆ జన్యువు పరీక్షే చేయించుకో.”

గంట పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. “మీ ఇంటి జబ్బు నాకెందుకొస్తుందిరా? ముందు నువ్వెళ్లు, పిరికోడా! పిల్ల నాకు ఫోన్ చేసి ఏడుస్తోంది, తెలుసా?”

మెకానిక్ హెల్మెట్ తగిలించుకుని షాఫ్టులోకి దిగాడు.

ఇదిగో, ఇప్పుడు అతను లిఫ్టు నెత్తి మీద నిలబడి ఉన్నాడు. నాలుగు వైపులా గోడలే. ఎటు కదిలినా ఎవరో ఒకరు నలిగిపోతారు. పైనుంచి బొంగురు గొంతు దిగింది.

“రెడీనారా? ఏమైందిరా, మాట్లాడవేం?”

పెళ్లైన కొత్తలోనే ‘లోపం మీలోనే ఉంది, మీకు పిల్లలు పుట్టరు’ అని డాక్టరు చెప్పిన మాటని ఇన్నేళ్లూ ఎవరికీ తెలియనివ్వకుండా మింగేసి, భార్య కన్న ఆ పిల్లని గుండెల మీద పెంచుకున్న మనిషి మీరే అయితే, పైనున్న వాడికి ఏమని కేకేస్తారు?