నాలుగో పాదం

“ఆ మాట ఏ గ్రంథంలో ఉందో చెప్పండి శాస్త్రిగారూ!”

రామాలయం మంటపంలో తలలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. ఆడవాళ్ల వరసలోంచి లేచి నిలబడింది కోటేశ్వరి. మగవాళ్ల వైపు నుంచి మామ యలమందయ్య కూర్చోమని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆమె అటు చూస్తేగా!

పక్కూరి నుంచి వచ్చిన శాస్త్రిగారు అప్పుడే ఓ మాట సెలవిచ్చారు. ఈ ఏడు ఊళ్లో మిరప చేలు నడుమెత్తు పెరిగి ఒక్క కాయ పట్టకపోవడం రైతుల పూర్వజన్మ కర్మ అట. ఎవర్నీ అనుకుని లాభం లేదట. ప్రవచనం పెట్టించింది విత్తనాల కొట్టు వేణుగోపాల్. ఊరందరికీ ఆ విత్తనం అమ్మిందీ ఆయనే.

రేపు పొద్దున వ్యవసాయాధికారులు వస్తున్నారు. ఆ విత్తనం మీద రైతులంతా సంతకాలు పెట్టి అర్జీ ఇస్తేనే చేలల్లో దిగి చూస్తారు. వారం రోజులుగా కోటేశ్వరి ఆ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పుడూ ఆమె చేతిలోనే ఉన్న దాని మీద ఆమె సంతకం ఒక్కటే ఉంది.

“ఏం యలమందయ్యా, నీ కోడలు శాస్త్రిగారికే పరీక్ష పెడతందే!” అన్నాడు వేణుగోపాల్ ముందు వరసలోంచి.

శాస్త్రిగారు నవ్వలేదు.

“అడగనివ్వండి. అమ్మా, వేదంలో కర్మ అంటే ముఖ్యంగా యజ్ఞం. చేసినదాని ఫలం మనిషిని అంటి ఉంటుందన్న మాట ఉపనిషత్తులో తేటగా కనిపిస్తుంది. పోయాక మనిషి ఏమవుతాడని ఆర్తభాగుడనే పండితుడు నిండు సభలో అడిగితే, యాజ్ఞవల్క్యుడు అతని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. ఇద్దరూ మాట్లాడుకున్నది కర్మ గురించే. మంచి చేస్తే మంచివాడవుతాడు, చెడు చేస్తే చెడ్డవాడవుతాడు అని తేల్చారు.”

“మిరప కాయకపోతే నోరు మూసుకోమని కూడా తేల్చారాండీ?”

మంటపం గొల్లుమంది.

“గీతలో ఉందిగా అమ్మాయ్, పని చెయ్యి, ఫలం అడక్కు అని! మా కొట్లో కేలండర్ మీదే ఉంది,” అన్నాడు వేణుగోపాల్.

“కేలండర్ మీద సగమే వేస్తారు బాబాయ్. శ్లోకానికి నాలుగు పాదాలు. ఆ నాలుగోది మీరు చెప్పండి శాస్త్రిగారూ.”

శాస్త్రిగారు కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు.

“ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నానండి. మార్కులూ పోయాయి, శ్లోకాలూ పోయాయి. ఆ ఒక్క పాదమే మిగిలింది. చెప్పండి.”

“పని మానుకుని కూర్చోవడం మీద మమకారం పెట్టుకోకు, అని,” అన్నారాయన మెల్లగా.

“మరి మేం చేస్తంది అదేగా! విత్తనం అమ్మింది ఒకళ్లు. ఫలం మేం అనుభవిస్తున్నాం. సంతకం పెట్టడం పని కాదాండీ? అది మానేసి కూర్చోమని ఏ గ్రంథంలో ఉంది?”

యలమందయ్య ఊపుతున్న చెయ్యి ఎప్పుడో దించేశాడు. అరవయ్యేళ్ల మనిషి, సంతోషం పట్టలేక పక్కాయన్ని మోచేత్తో పొడిచాడు. “మా కోడలు,” అన్నాడు. ఆ పక్కాయన ఆమె పెళ్లిలో వడ్డన చేసినవాడే.

అయినా వేణుగోపాల్ ఎదుట సంతకం పెట్టడానికి ఒక్కరూ లేవలేదు. వేణుగోపాల్ లేచి మైకు శాస్త్రిగారి ముందుకు జరిపాడు.

“మీరు కానివ్వండి శాస్త్రిగారూ, హారతి టైమవుతోంది.”

శాస్త్రిగారు పుస్తకం మూసి కళ్లకద్దుకున్నారు. మైకు ముట్టుకోకుండా వేదిక దిగారు. అంచున నల్లమట్టి మరకలున్న పంచె ఎత్తి పట్టుకుని, జనం మధ్యలోంచి తిన్నగా కోటేశ్వరి దగ్గరికి వచ్చారు.

“ఆ కాగితం ఇటివ్వమ్మా.”

చింపేస్తారేమోనని కోటేశ్వరి చెయ్యి వెనక్కి లాక్కుంది.

“పెన్ను కూడా ఇవ్వు తల్లీ,” అన్నారు శాస్త్రిగారు. “నా మూడెకరాల్లోనూ వేసింది ఆ విత్తనమే.”